కార్తీక వనభోజనాల్లోంచి ‘పక్షుల వీక్షణ’ తీసేయండి: చెన్నై తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

చెన్నైలోని తెలుగు సంఘాల, అపార్ట్‌మెంట్ తెలుగు బృందాల కార్యవర్గ సభ్యులకు,

నమస్కారం.

కార్తీకం దగ్గర పడగానే వాట్సాప్‌లో వనభోజనాల ఆహ్వానాలు తిరగడం మొదలవుతుంది. పొద్దున ఉసిరిచెట్టు కింద పూజ, మధ్యాహ్నం అరిటాకు భోజనం, ఆపైన తంబోలా, అంత్యాక్షరి. అన్నిటికన్నా కింద ఒక లైను: ‘సా. 4 గం.లకు జలాశయం కట్టపై పక్షుల వీక్షణ’. పూండి, చెంబరంబాక్కం, పుళల్ అంటూ చోటు మారుతుంది గానీ ఆ లైను మారదు. ఆ గంటలో జనానికి కనిపించేవి ఎండకు మెరిసే నీళ్ళ మీద నల్లటి చుక్కలు. ‘ఏవో బాతులండీ’ అనుకుని బస్సెక్కేస్తారు. అక్కడితో పక్షుల మీద ఉన్న కాస్త ఆసక్తీ తీరిపోతుంది.

పక్షి పరిశీలకులమైన మాకు వనభోజనాలతో ఏ పేచీ లేదు. పులిహోరతో అసలే లేదు. మా విన్నపం ఒక్కటే. ఆ లైను అక్కడి నుంచి తీసేసి, ఫిబ్రవరిలో విడిగా ఒక మధ్యాహ్నం పెట్టండి. కట్ట మీద కాదు, చెరువుకు అవతలి గట్టున పెట్టండి. కారణాలున్నాయి.

మొదట నీళ్ళ సంగతి. మన ఊరికి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. కార్తీకం సరిగ్గా దాని నడుమ పడుతుంది. పూండి పూర్తి మట్టం 35 అడుగులు, నిల్వ 3,231 మిలియన్ ఘనపుటడుగులు. చెంబరంబాక్కం 24 అడుగులు, 3,645 మిలియన్ ఘనపుటడుగులు. ఇవి అంచుల దాకా నిండితే మనకు తాగునీటి బెంగ తీరుతుంది గానీ చాలా పక్షులకు అక్కడ తిండి దొరకదు. పక్షి తిండి నీటి లోతును బట్టి ఉంటుంది. లిటిల్ స్టింట్ లాంటి చిన్న ఉల్లంకి పిట్టలకు వేలిమందం నీళ్ళు, తడి బురద కావాలి. సూదితోక బాతు, గార్గనీ, షవెలర్ వంటి బాతులు నీటిలో మునగవు. తల ముంచి, తోక పైకెత్తి, మెడ అందినంత లోతులోనే మేస్తాయి. అంటే అడుగు, మహా అయితే అడుగున్నర. కొంగలకు మోకాలి లోతు. నిండు జలాశయంలో బాగుపడేవి నీటికాకులు, గూడబాతులు (పెలికాన్లు), మునుగుడు కోళ్ళు, అంతే. పైగా వానాకాలంలో ప్రతి వరిమడిలోనూ, ప్రతి కుంటలోనూ నీళ్ళుంటాయి కాబట్టి వచ్చిన బాతులు జిల్లా అంతా చెదిరిపోతాయి. జనవరి చివరికల్లా కుంటలు ఎండుతాయి. అప్పుడే అవన్నీ పెద్ద జలాశయాలకు చేరతాయి, వాటి అంచుల్లో బురద కూడా తేలుతుంది.

ఇంకో కారణం ఈకలు. అక్టోబరు, నవంబరుల్లో వచ్చే మగ బాతులు చాలావరకు పాత ఈకలు రాల్చి, ఆడవాటిలాగే గోధుమ రంగులో ఉంటాయి. కొత్తవాళ్ళకు ఏ జాతినీ వేరుచేసి చూపించలేం. చలికాలం గడిచేకొద్దీ మగవాటికి రంగులొస్తాయి. సూదితోక బాతు మెడ మీద తెల్లగీత, షవెలర్‌కు ఆకుపచ్చ తల, పొట్టపక్కన ఇటుకరంగు తెలుస్తాయి. గార్గనీ అన్నిటికన్నా ఆలస్యం. దాని కంటి మీది తెల్ల పట్టీ స్పష్టంగా కనబడాలంటే ఫిబ్రవరి దాకా ఆగాల్సిందే.

కాబట్టి తేదీ పంచాంగం చూసి కాదు, నీటిమట్టం చూసి పెట్టండి. చెన్నై మెట్రోవాటర్ వెబ్‌సైట్‌లో ప్రతి జలాశయం మట్టమూ ఏ రోజుకారోజు ఇస్తారు. రెండు మూడు వారాలుగా మట్టం నిలకడగా తగ్గుతూ వస్తుంటే బురద తేలుతున్నట్టు లెక్క. పూండి విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది, అది మన తెలుగునేల నుంచే వస్తుంది. ఆంధ్ర, తమిళనాడుల 1983 ఒప్పందం ప్రకారం తెలుగుగంగ నీళ్ళు జనవరి–ఏప్రిల్ మధ్య కూడా 4 టీఎంసీలు రావాలి. ఆంధ్రలోని కండలేరు జలాశయంలో వదిలినవి 152 కిలోమీటర్లు నడిచి ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటి, మరో 25 కిలోమీటర్లకు పూండిలో కలుస్తాయి. చుక్క వాన పడకుండానే మట్టం పెరిగి, క్రితం వారం చూసి వచ్చిన బురద నీళ్ళ కింద మాయమైపోవచ్చు. అందుకే కండలేరు వార్త ఒకటి చూసి, వెళ్ళడానికి రెండు రోజుల ముందు మట్టం మళ్ళీ సరిచూసుకుని చోటు ఖాయం చేయండి. పూండిలో నీళ్ళు పెరిగితే చెంబరంబాక్కానికి మార్చుకునేలా బస్సువాళ్ళతో ముందే మాట్లాడి ఉంచండి.

ఇక కట్ట. చెన్నై చుట్టూ నేల పడమటి నుంచి సముద్రం వైపుకు వాలి ఉంటుంది. అందుకని ఇక్కడి పెద్ద చెరువుల్లో చాలావాటికి కట్ట తూర్పున, నీళ్ళు పడమటన. మధ్యాహ్నం కట్ట మీద నిలబడితే సూర్యుడు మొహానికి ఎదురుగా, పక్షి వెనక ఉంటాడు. వెలుగున్న కిటికీకి వీపు పెట్టి కూర్చున్న మనిషి మొహం ఎంత తెలుస్తుందో ఆ పక్షి రంగూ అంతే తెలుస్తుంది. అదీగాక కట్ట వైపే లోతు ఎక్కువ. కట్ట మీద పక్షులు చూడాలనుకుంటే పొద్దున ఆరింటికి వెళ్ళండి. మధ్యాహ్నమైతే చెరువు ఎగువ అంచుకు, అంటే పడమటి గట్టుకు పోవాలి. ఎండ వీపు మీద పడుతుంది, నీళ్ళు పల్చగా ఉంటాయి, బురదా అక్కడే ఉంటుంది. ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరిస్తే ఆకుపచ్చగా, గోధుమగా కలగలిసి కనిపించే అంచు అదే. ఆ వైపు దారి పొలాల మీదుగా ఉంటుంది కాబట్టి ముందువారమే ఇద్దరు వెళ్ళి, రైతును అడిగి, బస్సు తిప్పుకునే చోటు చూసిరావాలి. కట్ట, తూములు, షట్టర్లు నీటి వనరుల శాఖ అధీనంలో ఉంటాయి. అది తాగునీటి చెరువు. నలభై మందితో వెళ్ళేటప్పుడు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. గేటు దగ్గర ‘మేం ఫలానా సంఘం’ అంటే సరిపోదు. డ్రోన్ మాట ఎత్తకండి. అది లేచిందంటే బాతులన్నీ లేచిపోతాయి.

సమయం: మూడున్నరకు గట్టున ఉండాలి. అంతకుముందు వేడికి బురద మీద గాలి అలలు పోతూ ఉంటుంది. స్కోప్‌లో (స్టాండు మీద పెట్టి చూసే దూరదర్శినిలో) 60 రెట్లకు పెంచితే పక్షి కాక ఆ అలలే పెద్దవవుతాయి. ఎండ పూట 20–30 రెట్లు దాటకండి. ఫిబ్రవరి నడుమ సూర్యాస్తమయం 6.15 ప్రాంతంలో. నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా మేత ముమ్మరంగా ఉంటుంది, వెలుతురూ బాగుంటుంది. ఆపైన కొంగలు, కంకణం పిట్టలు (ఐబిస్‌లు) వరుసలు కట్టి గూటికి మళ్ళుతాయి. చీకటి పడకముందే అందరూ బస్సు దగ్గరికి రావాలి.

బైనాక్యులర్ల దగ్గర సంఘాలు చేసే తప్పు ఏమిటంటే ఉన్న రెండింటినీ నలభై మందికి తిప్పడం. ఒక్కొక్కరికి అర నిమిషం కూడా రాదు, ఆ అర నిమిషంలో అద్దం సరిచేసుకోవడమే అవ్వదు. ముగ్గురికి ఒకటి చొప్పున సమకూర్చుకోండి. 8×42 అంటే ఎనిమిది రెట్లు పెద్దది చేస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. 42ను 8తో భాగిస్తే వచ్చే 5 మిల్లీమీటర్ల చిల్లరే కంటికి అందే వెలుగు వృత్తం. జేబులో పట్టే 8×21లో అది 2.6 మాత్రమే. నడి మధ్యాహ్నం తేడా తెలియదు, ఐదున్నర దాటాక మసకబారిపోతుంది. పెద్ద అంకె చూసి పదహారు, ఇరవై రెట్లవి కొనకండి. చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెద్దదవుతుంది.

సరిచేసుకోవడం బస్సు దిగిన చోటే, ఏదైనా కరెంటు స్తంభం చూపించి అందరికీ నేర్పండి. కళ్ళజోడు ఉన్నవాళ్ళు కంటి దగ్గరి రబ్బరు కప్పులను లోపలికి తిప్పాలి, లేనివాళ్ళు బయటికి. ఇది చేయకపోతే చూపులో నల్లమచ్చలు కదులుతాయి. ‘నాకు పడట్లేదు’ అని బైనాక్యులర్ తిరిగి ఇచ్చేసేవాళ్ళలో చాలామంది ఇబ్బంది ఇదే. తర్వాత రెండు గొట్టాలనూ దగ్గరికి మడుస్తూ రెండు వృత్తాలు ఒకటయ్యేలా చేసుకోవాలి. కుడికన్ను మూసి, నడిమి చక్రం తిప్పి ఎడమకంటికి స్తంభం స్పష్టం చేసుకోవాలి. ఇప్పుడు ఎడమకన్ను మూసి, నడిమి చక్రం ముట్టుకోకుండా, కుడి కంటి దగ్గరి వలయం మాత్రమే తిప్పాలి. వలయం ఏ గుర్తు దగ్గర ఆగిందో గుర్తుపెట్టుకుంటే, బైనాక్యులర్ చేతులు మారి తిరిగి వచ్చినప్పుడు మళ్ళీ ఇదంతా అక్కర్లేదు. పక్షి కనబడగానే తల దించి బైనాక్యులర్ కోసం వెతుక్కుంటే ఆ పక్షి మళ్ళీ దొరకదు. చూపు పక్షి మీదే ఉంచి, బైనాక్యులర్‌ను కళ్ళ దగ్గరికి తేవాలి.

నలభై మందిని నాలుగు గుంపులు చేయండి. గుంపుకూ గుంపుకూ కనీసం రెండొందల మీటర్ల దూరం. నీటి వైపు సూటిగా నడవకండి, తుమ్మచెట్ల వరుస వెంట పక్కగా, ఒకరి వెనక ఒకరు నడవండి. బాతులు తలలు నీటిలో పెట్టి మేస్తున్నంతసేపు ఫరవాలేదు. మెడలన్నీ ఒక్కసారి నిటారుగా లేచాయంటే అక్కడే ఆగిపోవాలి. ఇంకో పది అడుగులు వేస్తే అవి ఈదుకుంటూ దూరం జరుగుతాయి, ఇరవై వేస్తే లేస్తాయి. లేచిన గుంపు ఆ సాయంత్రానికి తిరిగి రాకపోవచ్చు, వెనక వచ్చే మూడు గుంపులకూ ఖాళీ నీళ్ళే మిగులుతాయి. తెల్ల పంచెలు, పట్టుచీరలు వనభోజనానికి బాగుంటాయి. ఇక్కడికి బూడిదరంగు, ఖాకీ, మాసిన ఆకుపచ్చ వేసుకు రమ్మనండి. ‘అదిగో అక్కడ!’ అని వేలు చూపితే ఎవరికీ దొరకదు. ‘ఎండిన తుమ్మచెట్టుకు ఎడమ పక్క, చెయ్యి చాస్తే రెండు వేళ్ళ దూరం, నీటి అంచున’ అని చెప్పడం అలవాటు చేయండి.

పిల్లలకు యాభై పేర్ల జాబితా ఇవ్వకండి. పది చాలు: గూడబాతు, నీటికాకి, నత్తగుల్ల కొంగ, పెయింటెడ్ స్టార్క్, చిన్న తెల్లకొంగ, సూదితోక బాతు, బొల్లికోడి, తీతువు, లకుముకి పిట్ట, పాలపిట్ట. వీటిలో ఒక్కదాని దగ్గర పావుగంట కూర్చోబెట్టాలంటే మా ఓటు నత్తగుల్ల కొంగకు. దాని ముక్కు రెండు సగాలూ కొసన కలుస్తాయి గానీ నడుమ సందు ఉంటుంది. పిల్ల కొంగకు ఆ సందు ఉండదు, పెరిగాకే వస్తుంది. బురదలో ముక్కుతో తడిమి నత్తను పట్టుకుంటుంది. నీటిలోనే నేలకు అదిమి, కింది ముక్కు కొసను నత్త మూత కిందికి దూర్చి కండను తెంపుతుంది. తర్వాత తల ఎత్తి మింగుతుంది. చాలాసార్లు గుల్ల పగలదు. గట్టున పగలని ఖాళీ గుల్లలు కుప్పగా కనిపిస్తే అవి ఆ కొంగలు తిని వదిలినవే అయ్యుండొచ్చు. ఎదురుగా ఉన్న నీళ్ళ మీద మరికాస్త నిదానంగా చూడండి.

తెల్లకొంగల దగ్గర పెద్దవాళ్ళూ తడబడతారు. నల్ల ముక్కు, నల్ల కాళ్ళు, పసుపు పాదాలు ఉంటే చిన్న తెల్లకొంగ. బురదలోంచి కాలు ఎత్తేదాకా పాదం కనబడదు, ఆగండి. పొట్టి పసుపు ముక్కుతో గేదెల వెనక తిరిగేది పశులకొంగ. మిగిలిన రెండు పెద్దవాటికి నోటి చీలిక చూడాలి. అది కన్ను దాటి వెనక్కి పోతే పెద్ద తెల్లకొంగ, కంటి కిందే ఆగితే మధ్యరకం. స్కోప్ లేకుండా దీని మీద పందాలు కాయకండి.

లెక్కపెట్టడం కూడా నేర్పండి, ఊరికే చూడటం కన్నా పిల్లలకు అదే ఎక్కువ పట్టు చిక్కుతుంది. బాతుల గుంపులో ముందు పదింటిని ఒక్కొక్కటిగా లెక్కించి, అవి చూపులో ఎంత మేర తీసుకున్నాయో గమనించండి. అలాంటి పది మేరలు కలిపితే వంద. ఆ వందను కొలతగా పెట్టుకుని, ఎడమ చివర ఒక స్తంభం, కుడి చివర ఒక చెట్టు హద్దు పెట్టుకుని ఒకే దిశలో జరపండి. నడుమ మార్ష్ హ్యారియర్ అనే గద్ద నీటి మీద తక్కువ ఎత్తులో వస్తుంది. గుంపంతా లేచి కలగాపులగం అవుతుంది. అప్పుడు పాత లెక్క మీద కలుపుకుంటూ పోకుండా మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టండి. ఎగిరే గుంపును మనం దాదాపు ఎప్పుడూ తక్కువే అంచనా వేస్తాం. మునుగుడు కోళ్ళు ఎప్పుడూ కొన్ని నీటి అడుగున ఉంటాయి కాబట్టి వాటిని రెండుమూడుసార్లు లెక్కించి పెద్ద అంకె తీసుకోండి.

ఆ లెక్క వృథా పోనక్కర్లేదు. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షి గణనకు ఈబర్డ్ యాప్‌లో పంపవచ్చు. ఒకచోట కనీసం పదిహేను నిమిషాలు చూసి, గుర్తుపట్టిన ప్రతి జాతినీ రాయాలి. కాకినీ, గోరింకనూ వదిలేయకూడదు. గుంపుకు ఒక్కరే రాసి మిగతావాళ్ళతో ఆ జాబితాను పంచుకోవాలి. పదిమందీ వేర్వేరుగా పంపితే రెండొందల బాతులు రెండువేలవుతాయి. తమిళనాడులో జనవరిలో పొంగల్ పక్షి గణన కూడా ఉంది గానీ సంక్రాంతికి మన సభ్యుల్లో సగం మంది సొంతూళ్ళలో ఉంటారు. ఫిబ్రవరి అనడానికి అదీ ఒక కారణమే.

తిండి బస్సులోనే కానివ్వండి. గట్టున పారేసిన మెతుకులకు ముందు కాకులు, వెనకే కుక్కలు వస్తాయి. కుక్కలు అలవాటు పడి అక్కడే తిరిగితే నేల మీద గుడ్లు పెట్టే పక్షులకు అది ముప్పు. తీతువు గూడంటే గులకరాళ్ళ నడుమ చిన్న గుంట, అందులో మట్టిరంగు గుడ్లు నాలుగు. మార్చి దాటాక ఎండిన చెరువు నేలలో నడిస్తే తొక్కేదాకా కనబడవు. తీతువు అరిస్తే అశుభమని పెద్దలంటారు. తలమీద చక్కర్లు కొడుతూ అరుస్తోందంటే మనం దాని గూటి దగ్గరున్నామని, వచ్చిన దారినే వెనక్కి పొమ్మని అర్థం. గూళ్ళు కదిలించడం, గుడ్లు తీయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఫోటో కోసమని ఫోన్‌లో పక్షి కూతలు వినిపించడమూ వద్దు. బ్లూటూత్ స్పీకరు బస్సు దిగకూడదు.

ఒక్క జాగ్రత్త. గట్టు గడ్డిలో నీరుకట్టె, జెర్రిపోతు కనిపిస్తే భయం లేదు, అవి విషం లేనివి. రక్తపింజరి మాత్రం ఉంటుంది, చీకటి పడేవేళ కదులుతుంది. చెప్పులు కాదు, బూట్లు వేసుకోవాలి. కాటు పడితే కట్లు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయకండి. కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. పాము విషానికి మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో ముందుగానే కనుక్కుని బస్సు డ్రైవరుకు చెప్పి ఉంచండి.

పక్షుల మీద మనసు లేని పెద్దవాళ్ళను బలవంతంగా గట్టున నిలబెట్టకండి. పూండిలో ఆదిమానవుల రాతి పనిముట్ల మ్యూజియం ఉంది, వాళ్ళను అక్కడ దింపండి.

జనవరి నెలాఖరుకు మీ కార్యవర్గం తేదీ, చోటు అనుకుంటే మాలో ఇద్దరు ముగ్గురం స్కోపులతో వస్తాం. రుసుం ఏమీ లేదు. మాకు కావలసినవి మూడు. నలభై మంది దాటకూడదు. ముందువారం చోటు చూడటానికి మీ తరఫున ఒకరు మాతో రావాలి. బస్సు ఒంటిగంటకల్లా నగరం నుంచి బయల్దేరాలి. తిరువళ్ళూరు దాటడమే ఒక పని, ఆలస్యమైతే ఆ మధ్యాహ్నం రోడ్డు మీదే అయిపోతుంది.

ఇట్లు,
చెన్నైలోని కొందరు తెలుగు పక్షి పరిశీలకులు